ఎవరి కష్టం ఎక్కువ

కె.ఆర్.పురం, బెంగళూరు
14 జూన్ 1995

ఫాతిమా తల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. కోపం తెచ్చుకోకు. మా ఇంటికి తలుపు లేదు. మాటవరసకు అంటున్నానని అనుకునేవు, నిజంగానే లేదు. వీధి తలుపు ఉండాల్సిన చోట నా పాత వంగపండు రంగు చీర అడ్డంగా కట్టాను. గాలి వేస్తే అది లోపలికి ఉబ్బుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు మా స్టవ్వు దగ్గరనుంచి మంచం దాకా అంతా కనిపిస్తుంది. ఈ ఉత్తరం ఆఫీసులో భోజనాల వేళ రాస్తున్నాను.

ఈ ఇంట్లో దిగేటప్పుడు ఇంటివాడు లింగన్నకు ఒక అబద్ధం చెప్పాను. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తున్నాడని. రాజగోపాల్ రెండేళ్లుగా హోసూరులో ఇంకొకావిడతో కాపురం ఉంటున్న సంగతి నేను ఈ వీధిలో ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఇళ్లు వెతుకుతూ నిజం చెప్పిన చోటల్లా, "మగదిక్కు లేని ఇల్లా? ఆలోచించి చెబుతాం" అన్నవాళ్లే. ఆలోచించి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే మస్కట్. లింగన్న భార్య అప్పుడప్పుడూ, "మీ ఆయన రాసిన కవరు మీద స్టాంపు బిళ్ల ఉంటే మా పిల్లాడికి ఇవ్వు" అని అడిగేది. మా చైత్ర చింపేసిందని చెప్పేదాన్ని. ఈ నెల మొదట్లో ఎవరో రాజగోపాల్‌తో ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి లింగన్న కొట్టుకు వచ్చి అంతా చెప్పాడట.

లింగన్న అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపే ఖాళీ చెయ్యి" అన్నాడు. బళ్లు ఇప్పుడే తెరిచారు, రెండు నెలలు గడువివ్వమని బతిమాలాను. "సరే చూద్దాం" అన్నాడు. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరు వడ్రంగులు తలుపు ఊడదీసి బండి మీద పెడుతున్నారు. చెద పట్టిందట, బాగు చేయించాలట. పోలీసు స్టేషనుకు వెళ్లాను. అక్కడి రైటరు నవ్వి, "తలుపు ఆయనది, బాగు చేయించుకుంటున్నాడు. నీకేం నష్టం?" అన్నాడు.

నేటికి తొమ్మిది రోజులు. చైత్రకు ఏడేళ్లు కదా, నేను స్నానం చేసేటప్పుడు గుమ్మంలో గొడుగు తెరిచి పట్టుకుని నిలబడుతుంది. నిన్న రోడ్డు మీద ఎవరో నవ్వారు. అది గొడుగు కదపకుండా, "అమ్మా, తొందరగా పోసుకో. నా చెయ్యి నొప్పెడుతోంది" అంది. ఫాతిమా, రాజగోపాల్ వదిలేసి వెళ్లినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు.

నేను లాయరు గురుమూర్తిగారి దగ్గర టైపిస్టుని. రోజుకు అయిదారు అద్దె ఒప్పందాలు టైపు చేస్తాను. అన్నీ పదకొండు నెలలకే. ఏడాది నిండితే రిజిస్టరు చేయించాలి, అద్దెకున్నవాడికి నిలబడడానికి కాళ్లు మొలుస్తాయి. ఈ వేళ ఆయనకు నా తలుపు సంగతి చెప్పాను. పెన్ను మూత పెట్టి, "వరూధినమ్మా, ఇన్నేళ్లు టైపు చేసి నువ్వు నేర్చుకున్నది ఇదా?" అన్నారు. "మంచి ఇల్లు వెతుక్కోకు. మెత్తని ఇంటివాణ్ణి వెతుక్కో. కాగితం రాయించనివాణ్ణి, నెలనెలా రశీదు మాత్రం ఇచ్చేవాణ్ణి. ఆ రశీదులు ఉంటే అద్దె చట్టం నీ వెనక నిలబడుతుంది. తర్వాత నిన్ను లేపాలంటే వాడు కోర్టు మెట్లు పదేళ్లు ఎక్కాలి."

ఇక నన్ను ఎవరూ లేపలేని ఇంట్లోనే దిగుతాను. ఇది నీకు రాసి ఒట్టు పెట్టుకుంటున్నాను.

నీ
వరూధిని


కాటన్‌పేట, బెంగళూరు
3 డిసెంబర్ 1995

ప్రియమైన ఫాతిమాకు,

దొరికింది! పై చిరునామా చూశావా? దాన్ని నీ పుస్తకంలో పెన్సిలుతో కాదు, సిరాతో రాసుకో.

కాటన్‌పేట సందుల్లో, దూది గోదాముల వెనక. కింద మూడు గదులు మావి. పైన ఇంటివాళ్లు. ఆయన పేరు వెంకటగిరియప్ప, అరవై దాటాయి, సందు మొదట్లో పరుపుల అంగడి ఉంది. మీసాల మీద ఎప్పుడూ దూది నూగు. తాతల నాడు హిందూపురం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు. ఆవిడ లక్ష్మమ్మ. పిల్లలు లేరు. మాట సగం తెలుగు, సగం కన్నడం.

ఈసారి మస్కట్ ఊసెత్తలేదు. మొగుడు వదిలేశాడని చెప్పేశాను. వెంకటగిరియప్పగారు, "పోనీలేమ్మా. వాని గాచారం. నువ్వేం చేస్తావు" అన్నారు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అయినా చూడు, నా బుద్ధి ఎలా తయారైందో. ఆ కళ్లతోనే ఆయన్ని కొలుస్తున్నాను. మెత్తని మనిషేనా, ఎంత మెత్తన అని.

"మరి ఒప్పందం కాగితం?" అని నేనే అడిగాను.

"కాగితం ఏంటికమ్మా? మా తాత కాలం నుండి ఎవరికీ రాయించింది లేదు. మాట ఉండాది కదా."

"రశీదు మాత్రం నెలనెలా కావాలండీ. ఆఫీసులో అడుగుతారు" అన్నాను. ఆఫీసులో ఎవరూ అడగరు. ఆయన అంగడి బిల్లు పుస్తకం తీసి, పరుపు అని అచ్చువేసిన చోట కొట్టేసి, బాడిగ అని రాసి, వంకరటింకర సంతకం పెట్టి ఇచ్చారు.

పక్కన ఆయన మేనల్లుడు రామాంజనేయులు ఉన్నాడు. అంగడి లెక్కలు అతనే చూస్తాడు. "మామా, పదకొండు నెలలకు రాయించుకుంటే మేలు" అన్నాడు మెల్లగా. "నోరు మూసుకోరా. ఆడబిడ్డ దగ్గర కాగితం రాయించుకునేది ఏమి?" అని ఆయన కసిరారు. నేను రశీదు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సామాను దింపుతుండగా లక్ష్మమ్మగారు మెట్ల మీద కూర్చుని చెప్పారు. "ఒకటే మాట, వరూదినీ. మాకూ వయసు అయింది. కాళ్లు పట్టుకుపోయే పొద్దుకి మేము కిందికి రావల్ల. అప్పుడు నువ్వు పైకి పోయి మాకు కింద ఇయ్యల్ల. అంతే."

"అయ్యో, మీరు అడగాలా" అన్నాను. అంటున్నప్పుడే నోటిమాటకు సాక్ష్యం లేదనుకున్నాను. నీ దగ్గర దాచి ఏం చేస్తాను, ఆ తలపుతో నాకు ఒళ్లంతా హాయిగా అనిపించింది.

చైత్ర ఇంట్లోకి రాగానే గడియ వేసి చూసింది, తీసి చూసింది, మళ్లీ వేసింది. ఇనప గడియ, చేతి మందం ఉంది. లక్ష్మమ్మగారు పైనుంచి రాగిముద్ద, బస్సారు పులుసు పంపారు. మేమిద్దరం తలుపు వేసుకుని తిన్నాం.

నీ
వరూధిని


కాటన్‌పేట
20 ఆగస్టు 1997

ఫాతిమా,

రెండేళ్లుగా నీకు మంచి కబుర్లే రాశాను. చైత్రను పై ఇంటి తాత బడికి దింపడం, కన్నడం వాచకం చదివించడం, లక్ష్మమ్మ అవ్వ జడలు వేయడం, అన్నీ రాశాను. ఈ ఉత్తరం అలాంటిది కాదు.

జూన్‌లో వెంకటగిరియప్పగారికి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది, చైత్రకు తప్ప ఎవరికీ సరిగా అర్థం కాదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు దూదిమూటలు మోసే హమాలీలు నలుగురు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మా ఇంటి మెట్లు గోడ బయట రాతివి, ఇరుకు, పట్టుకోను కమ్మీ లేదు. అప్పటినుంచి ఆయన దిగలేదు. కిటికీ దగ్గర కూర్చుని కిందికి చూస్తుంటారు. కింద చదును నేల మీద రోజూ నడిపించాలి, అంగడి దాకా తీసుకెళ్లాలి, అప్పుడే కాలు కుదురుకుంటుందని డాక్టరు చెప్పాడట.

పోయిన ఆదివారం లక్ష్మమ్మగారు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"వరూదినీ, ముందే చెప్పి ఉంటిని కదా. ఆయప్పను కిందికి తెచ్చుకోవల్ల. నువ్వు పైకి పో. పైన చిన్నదే, అయినా నీకూ పాపకూ సాలు. బాడిగ సగమే ఇయ్యి."

ఆలోచించి చెబుతానన్నాను. నాకు ఇళ్లివ్వని వాళ్లందరూ అన్న మాటే అది.

సోమవారం గురుమూర్తిగారిని అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "గడప దాటావంటే నీ పాత హక్కు గడపలోనే పోతుంది. పైన ఉండేది కొత్త అద్దె. కొత్త కాగితం. ఆ మేనల్లుడు పదకొండు నెలలకు రాయించకపోతే నా పేరు మార్చుకుంటాను. పన్నెండో నెల నీ తలుపు బండెక్కుతుంది." సాయంత్రం రామాంజనేయులు ఎదురుపడితే అడిగాను. "కాగితం రాయించుకుంటామమ్మా, ఈ కాలంలో రాయించక ఎట్ల?" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చెవుల్లో సుత్తి మోగింది.

నిన్న పైకి వెళ్లి చెప్పేశాను. కుదరదని. లక్ష్మమ్మగారికి నేను చెప్పింది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "పైకి పొమ్మంటా ఉండా, వీధికి పొమ్మనలేదే" అన్నారు. "కోర్టులో ఏం చెబితే అది" అన్నాను. కోర్టు అన్న మాట వినగానే ఆవిడ వెళ్లి ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. కిటికీ దగ్గర వెంకటగిరియప్పగారు మా ఇద్దరినీ చూసి ఏదో అన్నారు. చైత్ర నా పక్కనే ఉండి, "తాత నిన్ను కాఫీ తాగి పొమ్మంటున్నాడమ్మా" అని చెప్పింది.

తాగకుండా వచ్చేశాను. నేను చేసింది తప్పంటావా? తప్పయినా నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఒప్పుకోను.

వరూధిని


కాటన్‌పేట
29 నవంబర్ 1998

ఫాతిమాకు,

నీ కార్డు అందింది. "ఆ ముసలాయనకు కింది ఇల్లు ఇచ్చెయ్యవే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కర్నూల్లో నీకు మీ మామగారు కట్టించిన సొంత ఇల్లుంది. దానికి ముందొక తలుపు, వెనకొక తలుపు ఉన్నాయి. నువ్వు ఇచ్చెయ్యమనగలవు.

వాళ్లు నా మీద కేసు వేసి ఏడాది దాటింది కదా. కోర్టులో వాళ్లు నిరూపించాల్సినవి రెండు. ఒకటి, కింది ఇల్లు వాళ్లకు నిజంగా అవసరమని. రెండోది, ఖాళీ చేస్తే నాకు కలిగే కష్టం కన్నా, చేయకపోతే వాళ్లకు కలిగే కష్టం ఎక్కువని. జడ్జి ఇద్దరి కష్టాలూ తక్కెట్లో వేసి తూస్తాడన్న మాట. పైన ఉండేది ఒకటే గదీ ఓ వసారా, ఎదిగే ఆడపిల్లతో ఉండలేనని మేము రాశాం. మెట్లు ఆయన దిగగలడని, కాళ్లు బాగయ్యాయని, అద్దె పెంచుకోవడానికే నాటకమని కూడా రాశాం. నేనే టైపు చేశాను. ఎక్కడా తప్పు పోలేదు.

చూసి నివేదిక ఇమ్మని జడ్జి ఒక కుర్ర వకీలును కమిషనరుగా వేశాడు. అచ్యుత్ అని, మర్యాదస్తుడు. మొన్న గురువారం పదకొండింటికి టేపు పట్టుకుని వచ్చాడు. మెట్లు కొలిచాడు, గదులు కొలిచాడు. సందంతా పోగయింది. రామాంజనేయులు మామను కుర్చీలో మెట్ల పైదాకా తెచ్చి కూర్చోబెట్టాడు. గురుమూర్తిగారు, "దిగగలడో లేడో తమరు కళ్లారా చూడాలి" అన్నారు. లక్ష్మమ్మగారు చేతులు జోడించి, "దిగలేడు సామీ. ఆయప్ప దిగలేడు. ఒట్టు" అంటున్నారు.

చైత్ర ఆ వేళకు మెట్ల కింద ఉంది. బడిలో ఇచ్చిన మార్కుల అట్ట చేతిలో పట్టుకుని, "తాతా, నాకు ఫస్టు వచ్చింది" అని పిలిచింది.

ఆయన లేచారు ఫాతిమా. రామాంజనేయులు పట్టుకోబోతే ఎడమ చేత్తో తోసేశారు. గోడకు భుజం ఆనించి ఒక మెట్టు దిగారు. కుడి కాలు వెనక ఈడ్చుకు వస్తోంది. రెండో మెట్టు మీద చాలాసేపు ఆగారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గోడ సున్నం భుజమంతా అంటింది. అరగంట పట్టిందేమో. చివరి మెట్టు మీద కూలబడి, అట్ట తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చూసి, మూతి ఒక పక్కే కదిలేలా నవ్వి, దాని తల మీద చెయ్యి పెట్టారు.

సందులో జనం చప్పట్లు కొట్టారు! దూది గోదాము హమాలీలు ఈలలు వేశారు. ఆయన చెయ్యెత్తి అందరికీ చూపించారు, గెలిచినవాడిలా. రామాంజనేయులు తలకొట్టుకున్నాడు. పైన లక్ష్మమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయారు. కమిషనరు రాసుకున్నాడు: సాయం లేకుండా దిగగలిగాడు.

కమిషనరు వెళ్లాక ఆయన్ని హమాలీలు నలుగురూ మళ్లీ పైకి మోసుకుపోయారు. "ఎక్కడం సంగతి నివేదికలో లేదు" అని గురుమూర్తిగారు నా చెవిలో అన్నారు.

ఆయన దిగగలిగాడు కాబట్టే దిగాడు. నేను రాసింది అబద్ధం కాదని తేలింది కదా? నువ్వు ఏమంటావో నాకు అక్కర్లేదు. రాయి మాత్రం.

వరూధిని


కాటన్‌పేట
17 మార్చి 1999

ఫాతిమా,

గెలిచాను. నిన్న తీర్పు వచ్చింది. నా కష్టమే ఎక్కువట. పిటిషను కొట్టేశారు. లక్ష్మమ్మగారు పైకోర్టుకు వెళ్లరట, ఓపిక లేదట.

ఆఫీసులో గురుమూర్తిగారు మైసూర్‌పాక్ పంచారు. ఒకటి తెచ్చి చైత్రకు ఇచ్చాను. అది పైకి తీసుకెళ్లి తాతకు పెట్టింది. దేనికని అడగలేదు ఆయన, తిన్నారట.

రెండు ఉత్తరాలు రాశాను, నీ నుంచి ఒక్క ముక్క లేదు. ఒంట్లో బాగుందా?

వరూధిని


మహిళల హాస్టలు, చామరాజపేట
24 అక్టోబర్ 1999

నా ఫాతిమాకు,

నువ్వు జవాబు రాయవని తెలిసే రాస్తున్నాను. ఇన్నాళ్లూ నీకు దాచిన ఒక ముక్క ఉంది. నీకు రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ ఒక వాక్యం వెనక నేను దాక్కున్నాను. "చైత్ర ఆ వేళకు మెట్ల కింద ఉంది" అని రాశాను కదా. అది తనంతట తాను అక్కడ లేదు.

కమిషనరు వచ్చిన గురువారం నేను దాన్ని బడికి పంపలేదు. తల దువ్వి, దీపావళికి కుట్టించిన పచ్చగౌను వేశాను. మార్కుల అట్ట అప్పటికి వారం కిందటిది. తాతకు ఇంకా చూపించవద్దని నేనే బీరువాలో పెట్టాను. ఆ పొద్దున దాని చేతికిచ్చి, "పైకి వెళ్లకు. కిందే నిలబడి పిలువు. తాతే నీ దగ్గరికి వస్తాడు, చూడు" అన్నాను. అది సంబరపడింది. ఆ మనిషి దేనికి లేస్తాడో నాకు తెలుసు. ఆయన దయ నాకు మూడేళ్లుగా తెలుసు కాబట్టి తెలుసు. లింగన్న నా తలుపు ఒక్కటే ఊడదీశాడు. నేను చేసింది దానికి ఎన్ని రెట్లో నువ్వే లెక్క వేసుకో.

తీర్పు తర్వాత వెంకటగిరియప్పగారికి దిగడం మీద నమ్మకం కుదిరింది. ఒకసారి దిగాను కదా, జనం చప్పట్లు కొట్టారు కదా అని. లక్ష్మమ్మగారు కళ్లలో ఒత్తులు వేసుకుని కాపలా కాసేవారు. మే నెలలో ఒక ఉదయం ఆవిడ రాగులు పట్టించడానికి పిండిమరకు వెళ్లారు. చైత్రకు సెలవులు, వాకిట్లో ఆడుతోంది. ఆయన పైనుంచి దాన్ని చూసి ముద్దమాటతో ఏదో అని, ఒక్కరే దిగడం మొదలుపెట్టారు. అది "వద్దు తాతా, వద్దు" అని అరిచింది. మూడో మెట్టు మీదనుంచి పడ్డారు. నేను ఆఫీసులో ఉన్నాను. నేను వచ్చేసరికి వాకిట్లో ఆయన చెప్పు ఒకటి ఉంది, చైత్ర దాని పక్కన కూర్చుని ఉంది.

తుంటి విరిగింది. ఆ వయసులో, ఆ ఒంటితో ఇక అతకదన్నారు. నెల తర్వాత ఆసుపత్రి నుంచి తెచ్చి పైన పడుకోబెట్టారు. ఇప్పుడు ఆయన కూర్చోలేరు కూడా.

ఒక సాయంత్రం అన్నం తింటూ చైత్ర చెయ్యి ఆపింది. "అమ్మా, ఆ కొలతల అన్న వచ్చిన రోజు నన్ను పైకి వెళ్లొద్దని ఎందుకు చెప్పావు?"

నేను దాని కంచంలో మజ్జిగ పోయబోయాను.

"నేను పిలవకపోతే తాత దిగేవాడు కాదు కదా?"

ఇన్నేళ్లలో దానికి చాలా అబద్ధాలు చెప్పాను. ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. "దిగేవాడు కాదు" అన్నాను. "మళ్లీ మనకు తలుపు లేకుండా పోతుందని భయపడ్డానే. నీ కోసమే" అన్నాను. అది ఏడవలేదు. కంచం తీసుకెళ్లి కడిగి బోర్లించింది. తలుపు తీసి పైకి వెళ్లింది. ఆ తర్వాత బట్టల కోసం తప్ప కిందికి రాలేదు. బడి నుంచి నేరుగా పైకే. తాతకు చెంచాతో గంజి పోయడం, ఒళ్లు తుడవడం దాని పని. పదకొండేళ్ల పిల్ల. నేను మెట్ల కింద నిలబడి పిలిస్తే పలికేది కాదు.

ఇరవై రోజులు చూసి నేనే పైకి వెళ్లాను. తాళంచెవి పట్టుకెళ్లాను. లక్ష్మమ్మగారు రాగులు చెరుగుతున్నారు. నేను చేసింది మొత్తం ఆవిడకు చెప్పేశాను, గౌను దగ్గరనుంచి.

ఆవిడ చేట ఆపలేదు. "నాకు ఆ పొద్దే తెలుసు. బడి ఉండే పొద్దు పాప కొత్త గౌను వేసుకోని నిలబడితే తెలియదా? ఆయప్పకు మాత్రం చెప్పలేదు. పాప పిలిచింది, నేను దిగితిని అని ఆయప్ప శానా పొద్దులు సంతోషంగా ఉండె. ఆ సంతోషం ఏంటికి చెరిపేది?"

"ఇల్లు తీసుకోండి. నేను కోర్టులో కూడా రాసిస్తాను. ఆయన్ని కిందికి తెచ్చుకోండి" అన్నాను.

"తెచ్చుకుంటాము. కిటికీలో నుండి ఆకాశం చూసేది తప్ప ఆయప్పకు ఇంకేమీ లేదు ఈడ. కింద పడుకుంటే వీధన్నా కనపడుతుంది."

"నేనూ చైత్రా ఈ పై గదిలో..." అన్నాను.

అప్పుడు చేట కింద పెట్టారు. "వద్దు. పైన నువ్వు నడిస్తే కింద నాకు నీ అడుగులు వినపడతాయి. ఆ చప్పుడు నాకొద్దు. నువ్వు పో, వరూదినీ."

ఖాళీ చేస్తున్నట్టు కాగితం నేనే టైపు చేశాను. గురుమూర్తిగారు చదివి, "గెలిచిన ఇల్లు వదిలేసేవాళ్లను ఇన్నేళ్లలో చూడలేదు. పిచ్చా?" అన్నారు. తర్వాత ఇంటి కోసం తిరిగాను. నాలుగు పేటలు తిరిగాను. ఈసారి మగదిక్కు సంగతి ఎవరూ అడగలేదు. చామరాజపేట బ్రోకరు నన్ను చూడగానే, "కాటన్‌పేటలో కేసు ఆడిన అమ్మ మీరే కదా?" అన్నాడు. "ముసలాయన్ని మెట్లు దింపించినారంట కదా. మీకు ఇల్లు ఎవరిస్తారమ్మా?" అన్నాడు. సందులో చప్పట్లు కొట్టినవాళ్లే ఊరంతా చెప్పి ఉంటారు. చివరికి ఈ హాస్టల్లో ఒక మంచం దొరికింది. పిల్లలను ఉంచుకోనివ్వరు.

"పాప ఉండనీ. అది ఏం పాపం చేసె?" అన్నారు లక్ష్మమ్మగారు. చైత్రను అడిగాను, ఉంటానంది. దాని సంచి ఎప్పటినుంచో పైనే ఉంది కదా, అడగడం నా కోసమే.

నేను వెళ్లిన మర్నాడు ఆయన్ని దింపారట. ఈ వేళ ఆదివారం, చూడడానికి వెళ్లాను. ముందు గదిలో, మా మంచం ఉండిన చోటే ఆయన మంచం వేశారు. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన వీధి వైపు తిరిగి పడుకుని ఉన్నారు. నన్ను చూసి మూతి ఒక పక్కకు కదిలించి నవ్వారు, ఫాతిమా. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. ఏదో అన్నారు. నేను అర్థం కాక గుమ్మంలోనే నిలబడ్డాను. చైత్ర లోపలినుంచి వచ్చింది. ఏమన్నారో అది నాకు చెప్పలేదు. "తాత పడుకోవాలి. బయట కూర్చుందాం" అంది.

వాకిట్లో అరుగు మీద కూర్చున్నాం. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆరో తరగతిలో లెక్కల టీచరు మారిందని చెప్పింది. జడ లక్ష్మమ్మగారు వేసింది, బిగుతుగా, నున్నగా ఉంది. ముట్టుకోబోతే తల కొంచెం పక్కకు జరిపింది. గంటసేపు ఉన్నాను. లోపలినుంచి లక్ష్మమ్మగారు రాలేదు.

లేచి, "వచ్చే ఆదివారం మళ్లీ వస్తానే" అన్నాను.

చైత్ర గ్లాసు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "రా. కానీ ముందు అవ్వను అడిగి రామ్మా" అంది. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది, తాతకు చప్పుడు కాకుండా.

నీ జవాబు రాకపోయినా నన్ను రాస్తూ ఉండనివ్వు.

వరూధిని